హిజామా: కొమ్ము వైద్యము నుండి గాజు కప్పు వరకు

మన సిద్దిపేటలో ఉదయము లేచి మెడ తిప్పలేకపోయినవాడు తెలుగువాడైతే "మెడ పట్టింది" అనును. ఉర్దూ మాట్లాడువాడైతే "గర్దన్ అకడ్ గయీ" అనును. నేరము మాత్రము రెండు భాషలవారును నరము మీదనే మోపుదురు. "నరం పట్టింది" అని ఒకరు, "నస్ చఢ్ గయీ" అని మరొకరు. నిజమునకు ఇట్టి బాధలలో పెక్కింటికి కారణము నరము కాదు, కండరము. ఎక్కువసేపు ఒకే భంగిమలో బిగిసియుండి, సడలుట మరచిన కండరము. ఈ బిగువునకు, నొప్పికి మన రెండు భాషల సమాజములలోను పూర్వమునుండి వచ్చుచున్న చికిత్స ఒకటి కలదు. దానిని తెలుగువారు కొమ్ము పెట్టుట అనిరి. ఉర్దూవారు సింగీ లగానా అనిరి. యునానీ వైద్యులు హిజామా అందురు. నేటి పత్రికలు కప్పింగ్ అని వ్రాయుచున్నవి. కొంతకాలము మరుగునపడిన ఈ చికిత్స గత కొన్ని సంవత్సరములలో మరల వాడుకలోనికి వచ్చినది. హిజామా శిబిరముల ప్రకటనలు గోడల మీదను, సెల్‌ఫోనులలోను కనిపించుచున్నవి. మన విద్యార్థుల ఇండ్లలోనే దీనిని చేయించుకొన్న పెద్దలుందురు. వారు "హాయిగా ఉన్నది" అనుచున్నారు. ఆ హాయి ఎట్టిది, ఎంతవరకు, దానికి చెల్లించు మూల్యమేమి అనునది మేము ఇందు విచారింపదలచితిమి.

ముందుగా ఒక మాట ముచ్చట. హిజామా అను పదమునకు మూలమైన అరబ్బీ ధాతువునకు పీల్చుట అని అర్థము. పీల్చువాడు హజ్జామ్. ఆ పనిని పూర్వము క్షురకులే చేయుచుండుటచేత ఉర్దూలో హజ్జామ్ అనగా మంగలి అనియు, హజామత్ అనగా క్షవరము అనియు స్థిరపడినది. పీల్చుట మరుగునపడి కత్తి మాత్రము మిగిలినది. తెలుగునాట కూడ మంగలి గడ్డము గీయుటతో సరిపెట్టక పుండ్లు కోయుట, కట్లు కట్టుట చేయువాడు. మంత్రసాని పని అతని ఇంటి స్త్రీలది. ఐరోపాలో సైతము చాలకాలము క్షురకులే శస్త్రవైద్యులు. నేడు మన పట్టణములో ఒక పెద్దమనిషి "హజామత్ చేయించుకొని వచ్చితిని" అనినచో, ఏ హజామత్ అని తిరిగి అడిగి తెలిసికొనవలసినదే.

ఇది ముస్లిముల వైద్యమనియో, చైనావారి వైద్యమనియో అనుకొనుట సరికాదు. సుశ్రుత సంహిత సూత్రస్థానములోని 13వ అధ్యాయము రక్తము తీయు మూడు సాధనములను చెప్పుచున్నది. వాతము దుష్టమైనప్పుడు ఆవు కొమ్ము, పిత్తము దుష్టమైనప్పుడు జలగ, కఫము దుష్టమైనప్పుడు సొరకాయ బుర్ర. కొమ్మును నోటితో పీల్చవలెను. బుర్రలో దీపమును ఉంచి దేహమునకు బోర్లింపవలెను. నేటి హిజామా వైద్యుడు గాజు కప్పులో మంట చూపి చర్మమునకు తగిలించు పద్ధతి ఆ సొరబుర్ర పద్ధతికి దూరమైనది కాదు. గ్రీసు దేశములో హిప్పోక్రటీసు పేరిట వెలసిన గ్రంథములలోను కప్పుల ప్రస్తావన కలదు. ఆ గ్రీకు వైద్యము తొమ్మిదవ శతాబ్దములో బాగ్దాదు నగరమున హునైన్ ఇబ్న్ ఇస్‌హాఖ్ మున్నగువారి అనువాదములద్వారా అరబ్బీలోనికి వచ్చినది. యునానీ అను పేరే యవనదేశము అను మాటకు అరబ్బీ రూపము. ఇబ్న్ సీనా తన 'అల్ ఖానూన్' లో హిజామాను గూర్చి వ్రాసెను. స్పెయిను దేశపు శస్త్రవైద్యుడు అల్ జహ్రావీ కొమ్ము, కొయ్య, రాగి, గాజు కప్పులను పేర్కొని, గాటు పెట్టి చేయునది, గాటు లేక చేయునది అని రెండు విధములను వివరించెను. ఈ రెండు విధములనే యునానీ వైద్యులు నేటికిని హిజామత్ బిష్షర్త్, హిజామత్ బిలా షర్త్ అందురు. షర్త్ అనగా ఇక్కడ పందెమో, నిబంధనయో కాదు, గాటు. మా ఉర్దూ విద్యార్థులే దీనిని పొరబడుట చూచితిమి గనుక చెప్పుచున్నాము. ఇవిగాక చర్మముపై నూనె రాసి, తగిలించిన కప్పును అటునిటు జరుపు పద్ధతియు కలదు.

దక్కనులో ఈ రెండు వైద్యధారలును ఒకే వీధిలో ప్రవహించినవి. హైదరాబాదులో చార్మినారు ప్రక్కన, ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలమున వెలసిన నిజామియా ఆసుపత్రి, నిజామియా తిబ్బీ కళాశాల నేటికిని పనిచేయుచున్నవి. కర్నూలులోని డాక్టర్ అబ్దుల్ హఖ్ యునానీ వైద్య కళాశాల మరొకటి. ఈ సంస్థలలో హిజామా ఇలాజ్ బిత్తద్బీర్ అను శాఖలో, అనగా మర్దన, ఆవిరి స్నానము, వ్యాయామము, జలగ చికిత్సలతో కలిపి బోధింపబడును. పల్లెలలో మాత్రము ఈ చికిత్స పుస్తకము లేకుండనే సాగినది. కొన చిల్లుచేసిన కొమ్మును నొప్పియున్నచోట బోర్లించి, ఆ చిల్లునుండి నోటితో గాలి పీల్చి, మైనముతో మూసెడి సంచార వైద్యులను చూచినవారు మా తరములో ఇంకను ఉన్నారు.

ఇక కప్పు ఎట్లు పట్టుకొనుచున్నదో చూతము. ఇంటర్మీడియట్ విద్యార్థి పాఠములో చదివిన సూత్రములే ఇందుకు చాలును.

కప్పులో మంట చూపగానే లోపలి ప్రాణవాయువు కాలిపోయి శూన్యము ఏర్పడునని పలువురు చెప్పుదురు. ఇది సగము కూడ నిజము కాదు. మంటవలన లోపలి గాలి వేడెక్కి, వ్యాకోచించి, కొంత బయటకు పోవును. ఆ క్షణమున కప్పును చర్మమునకు ఆనించినచో మిగిలిన గాలి చల్లబడి, దాని పీడనము తగ్గును. మన సిద్దిపేట సముద్రమట్టమునకు సుమారు 500 మీటర్ల ఎత్తున ఉండుటచేత ఇక్కడి వాతావరణ పీడనము 760 మిల్లీమీటర్లు గాక దాదాపు 715 మిల్లీమీటర్ల పాదరసమునకు సమానము. కప్పులోని గాలి సగటున 130 డిగ్రీలకు వేడెక్కినదనుకొందము. అనగా పరమమానములో 403. అది 30 డిగ్రీలకు, అనగా 303కు దిగినప్పుడు పీడనము 403లో 303 వంతులకు తగ్గవలెను. తగ్గుదల సుమారు 177 మిల్లీమీటర్లు. చర్మము కొంత లోనికి ఉబ్బి చోటు ఆక్రమించును గనుక అసలు తగ్గుదల ఇంతకన్న తక్కువయే ఉండును. చేతిపంపుతో గాలి లాగు ప్లాస్టిక్ కప్పులలో వైద్యుడు దీనిని తన ఇచ్ఛవచ్చినంత పెంచవచ్చును. కనుకనే అనుభవములేని చేతిలో పంపు కప్పు మంట కప్పుకన్న ఎక్కువ గాయము చేయవచ్చును; మంట కప్పు కాల్చవచ్చును. ఏది మేలు అని అడిగినచో చేతిని బట్టి అని చెప్పవలసియున్నది.

మరియొక లెక్క. కప్పు నోరు 5 సెంటీమీటర్ల వ్యాసము గలదైన దాని వైశాల్యము 19.6 చదరపు సెంటీమీటర్లు. లోపల పీడనము 200 మిల్లీమీటర్లు తగ్గినచో చదరపు సెంటీమీటరునకు 0.27 కిలోల చొప్పున, మొత్తము 5 కిలోలకు పైబడిన బలము ఆ కప్పును వీపునకు అదిమి పట్టును. శూన్యము దేనిని లాగదు. చుట్టునున్న గాలి, దేహములోని ద్రవముల పీడనము కలిసి చర్మమును కప్పులోనికి త్రోయును. రోగికి మాత్రము లోపలినుండి ఏదో లాగుచున్నట్లే తోచును. "విషము లాగుచున్నది" అను నమ్మకము ఈ స్పర్శానుభవమునుండియే పుట్టెనని మా ఊహ.

త్రోపుడు పడిన చర్మమునందు సన్నని రక్తకేశనాళికలు విప్పారి, ఎరుపెక్కును. ఇంకను లాగినచో కొన్ని చిట్లి, ఎర్రకణములు బయటి కణజాలములోనికి జారును. వర్తులాకారపు నల్లని మచ్చ అట్లు ఏర్పడినదే. 2016లో రియో ఒలింపిక్ క్రీడలలో అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ భుజములపై ప్రపంచమంతయు చూచిన మచ్చలు ఇవియే. మచ్చ ఎంత నల్లగా ఉండిన అంత చెడు బయటపడినదని కొందరందురు. అది వట్టి కమిలిన గాయము. దెబ్బ తగిలిన మోకాలివలెనే ఊదారంగునుండి ఆకుపచ్చగా, పసుపుగా మారి, కొన్ని దినములనుండి రెండు వారములలోపల మాయమగును. ఆ రంగుల మార్పు హీమోగ్లోబిన్ విడిపోవుటవలన కలుగునది.

ఇంతకును కండరమునకు ఏమి జరుగుచున్నది? దుబ్బాకలోనో, మన పట్టణములోనో గుంత మగ్గముపై కూర్చొని గొల్లభామ చీర నేయు నేతకారుని చూడుడు. కాళ్ళు గుంతలో ఆడుచుండును, చేతులు ఆడుచుండును. మెడ, భుజముల మధ్యనున్న కండరములు మాత్రము కదలక తలను మోయుచుండును. ఒడిలో చాట పెట్టుకొని వెయ్యి బీడీల లెక్కకు తునికాకు చుట్టుచున్న తల్లులదియు అదే స్థితి. కదలు కండరము బిగియుటయు సడలుటయు చేయుచు రక్తమును తోడుకొనును. కదలని కండరము బిగిసియుండి, తనలోని రక్తనాళములనే నొక్కివేయును. రక్తప్రసారము తగ్గును, జీవక్రియలో పుట్టిన పదార్థములు అక్కడనే నిలిచి నొప్పి తెలుపు నరాగ్రములను రేపును. సాయంత్రమునకు మెడనుండి భుజము వరకు బండ పెట్టినట్లుండును.

మర్దన కండరమును పైనుండి నొక్కును. కప్పు పైకి లేపును. చర్మము, దాని క్రింది పొర, కండరమును కప్పియుండు పొర ఈ లాగుడులో సాగును. పైపొరలలో రక్తప్రసారము కొంతసేపు హెచ్చును. నొప్పి తగ్గుటకు మరియొక కారణమును కూడ శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. 1965లో మెల్జాక్, వాల్ అను ఇరువురు ప్రతిపాదించిన ద్వార సిద్ధాంతము ప్రకారము స్పర్శ, ఒత్తిడి తెలుపు నరతంతువుల సందేశములు వెన్నుపాములో నొప్పి సందేశములకు అడ్డుపడును. మోకాలికి దెబ్బ తగులగానే మనము తెలియకయే రుద్దుకొనుట ఇందుకే. కప్పు కూడ ఒక విధమైన బలమైన రుద్దుడే. వీటికి తోడు పావుగంటసేపు బోర్లపడుకొని విశ్రమించుట, ఒకరు శ్రద్ధగా తన బాధను తాకి చూచుట, తగ్గునను నమ్మకము, ఈ మూడును నొప్పిని తగ్గింపగలవు. దీనిని మేము వెక్కిరింపునకు చెప్పుట లేదు. నొప్పి మనస్సుకు తెలియునదే గనుక మనస్సు దానిని తగ్గించుటలో వింత లేదు.

ఎంతవరకు తగ్గును? ఇందు జర్మనీ దేశమున జరిగిన రెండు ప్రయోగములు మాకు మిక్కిలి బోధకముగా తోచినవి. 2009లో ప్రకటింపబడిన మొదటి ప్రయోగములో మణికట్టువద్ద నరము నొక్కుకొనిపోయి చేతులు తిమ్మిరెక్కు 52 మంది రోగులను తీసికొనిరి. సగము మందికి భుజముపై గాటు పెట్టి కప్పు వేసిరి. మిగిలినవారికి వేడి కాపడము పెట్టిరి. వారము తరువాత కప్పు వేయించుకొన్నవారికి బాధ ఎక్కువగా తగ్గెను. కాని ఎవరికి ఏ చికిత్స జరిగినదో వారికి తెలియును గదా! కత్తి గాటు పడినవాడు, వేడి గుడ్డ పడినవాడు సమానముగా ఆశపడుదురా?

రెండవ ప్రయోగము 2016లో ప్రకటింపబడినది. దేహమంతట కండరముల నొప్పులు గల 141 మందిని మూడు జట్లుగా చేసిరి. మొదటి జట్టుకు అసలు కప్పులు. రెండవ జట్టుకు సన్నని రంధ్రము గల నకిలీ కప్పులు. తగిలించగానే పట్టినట్లుండి, గాలి మెల్లగా జొరబడి పట్టు వదలిపోవును. మూడవ జట్టుకు మామూలు వైద్యము మాత్రమే. మామూలు వైద్యము పొందినవారికంటె కప్పులు వేయించుకొన్నవారికి నొప్పి తగ్గెను. అయితే అసలు కప్పునకును, నకిలీ కప్పునకును చెప్పుకోదగిన తేడా కనబడలేదు. చిన్న రంధ్రము పెద్ద ప్రశ్న వేసినది. ఆ ప్రశ్నకు సమాధానము ఆలోచించుట మన సైన్సు విద్యార్థులకు మంచి అభ్యాసమగును. 2012లో చైనా పరిశోధకులు 135 ప్రయోగములను ఒక్కచోట చేర్చి సమీక్షించిరి. కొన్ని బాధలకు, అందు మెడపూసల అరుగుదలవలని నొప్పికి, మేలు కనబడినదనుచునే, ఆ ప్రయోగములలో అధికభాగము పక్షపాతమునకు అవకాశము గలవని వారే ఒప్పుకొనిరి.

కావున మా అభిప్రాయమిది. మెడ, భుజము, నడుము కండరముల బిగువునకు గాటులేని పొడి కప్పు కొన్ని దినములపాటు ఉపశమనమీయవచ్చును. వేడి కాపడము, మర్దన, వ్యాయామములతోపాటు దీనికొక స్థానమున్నది. మగ్గము ఎత్తు మారక, చాట ముందు కూర్చొను తీరు మారక, అరగంటకొకసారి లేచి భుజములు త్రిప్పక, కప్పులు మాత్రము వేయించుకొన్నవానికి వచ్చే నెల అదే నొప్పి తిరిగి వచ్చును. రోజుకూలి ఎన్ని బీడీలకు అను లెక్కలో బ్రతుకు తల్లిని అరగంటకొకసారి లేవుమనుట సులభము కాదని మాకును తెలియును.

ఇక చెడు రక్తము సంగతి. గాటు పెట్టు హిజామాలో ముందు కప్పును మూడు నాలుగు నిమిషములుంచి తీసి, చర్మముపై పలుచని గాట్లు పెట్టి, మరల కప్పు తగిలింతురు. కప్పులో నల్లగా, ముద్దగా రక్తము చేరును. "చూడు, ఎంత చెడు రక్తమో!" అని చూపుదురు. రోగి నమ్మును, ఎవరైనను నమ్ముదురు, కన్నులకు కనబడుచున్నది గదా. అయితే చర్మపు సన్నని నాళికలలో ప్రాణవాయువును వదలిన రక్తము సహజముగనే ముదురు రంగు. దేహమునుండి బయటపడిన రక్తము నిమిషములలో గడ్డకట్టుట ఆరోగ్యవంతుని లక్షణమే, గడ్డకట్టనిచో భయపడవలెను. 1628లో విలియం హార్వే రక్తము దేహమంతట తిరుగునని నిరూపించెను. విశ్రాంతిలోనున్న మనిషి గుండె నిమిషమునకు సుమారు 5 లీటర్లు పంపును. అనగా ఉన్న రక్తమంతయు నిమిషములో ఒకసారి చుట్టివచ్చును. అట్టిచో చెడు రక్తము వీపున ఒక మూల దాగియుండుట ఎట్లు? వీపున తీసినది చేతినుండి తీసినదానివంటి రక్తమే. మలినములను వడపోయుటకు కాలేయము, మూత్రపిండములున్నవి. మూత్రపిండములు దినమునకు దాదాపు 180 లీటర్ల ద్రవమును వడపోయును. కప్పులో చేరిన నాలుగు చెంచాల రక్తము ఆ పని చేయజాలదు.

యునానీ సిద్ధాంతమునందు దమ్, బల్గమ్, సఫ్రా, సౌదా అను నాలుగు ధాతువుల సమతౌల్యము ఆరోగ్యము. తన్‌ఖియా అనగా దుష్టధాతువును వెడలించుట, ఇమాలా అనగా దానిని మరొక దిక్కునకు మరలించుట. వెయ్యి సంవత్సరముల క్రిందటి వైద్యులు సూక్ష్మదర్శిని లేక, రక్తపరీక్ష లేక, ఇంత క్రమబద్ధముగా ఆలోచించుట గౌరవింపదగినదే. అయితే వారిని గౌరవించుట వేరు, వారి పేరు చెప్పి కామెర్లకు, చక్కెర వ్యాధికి, సంతానలేమికి ఒక్క శిబిరములోనే రక్తము తీసి డబ్బు పుచ్చుకొనుట వేరు.

ఈ విషయమున ఒక సున్నితమైన మాట చెప్పక తప్పదు. హదీసు గ్రంథములలో హిజామాకు స్థానమున్నది. చాంద్రమాసములో 17, 19, 21 తేదీలలో చేయించుకొనుట పలువురికి ఆచారము. ఆ విశ్వాసమును ప్రశ్నించుట మా ఉద్దేశము కాదు. కాని ఆ తేదీలలో రద్దీ పెరుగును. రద్దీలో శుభ్రత తగ్గును. వైద్యము తెలియకయే వైద్యము చేసి హాని కలిగించినవాడు అందుకు బాధ్యుడగునను మాటయు ఆ హదీసు గ్రంథములలోనే ఉన్నది. మొదటి మాటను గోడలమీద వ్రాయువారు రెండవదానిని వ్రాయుట మేము చూడలేదు.

ప్రమాదము ముఖ్యముగా గాటులో ఉన్నది. ఒకని రక్తము అంటిన బ్లేడు, కప్పు, పంపు మరియొకనికి తగిలినచో హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్.ఐ.వి. వైరసులు సంక్రమింపవచ్చును. హెపటైటిస్ బి వైరసు ఎండిన రక్తపు మరకలో ఏడు దినములైనను జీవించియుండగలదు. స్పిరిట్ దూదితో తుడిచిన కప్పు కంటికి మెరయును, శుద్ధి కాదు. గాజు కప్పులను ఆటోక్లేవులో 121 డిగ్రీల ఆవిరియందు కనీసము 15 నిమిషములు ఉంచవలెను. ప్లాస్టిక్ కప్పులు ఒక్క రోగికే, ఒక్కసారికే వాడవలెను. 2016 నాటి జీవవైద్య వ్యర్థముల నియమముల ప్రకారము బ్లేడు తెల్లని గట్టి డబ్బాలోను, రక్తము అంటిన దూది పసుపు సంచిలోను, ప్లాస్టిక్ ఎర్ర సంచిలోను పడవలెను. చికిత్సకు పోయినవారు సిద్ధాంతము అడుగనక్కర లేదు. ఈ మూడు రంగులు ఆ గదిలో ఉన్నవో లేవో చూచిన చాలును. ఫంక్షన్ హాలులో చాప పరచి, మూలన ఒక బకెట్టు పెట్టినచోట అవి ఉండవు.

గ్రహింపవలసిన మరియొక ప్రమాదము మన ఇండ్లలోనిది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలోని 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో సగమునకు పైగా రక్తహీనత గలవారని తేలినది. భుజము నొప్పి, ఆయాసము, నీరసము అని చెప్పుకొను బీడీ కార్మికురాలికి ఆ నీరసమునకు కారణము రక్తము తక్కువగుటయే కావచ్చును. ఆమెకు నెలనెలా రక్తము తీయించుట ఎండిన బావిలో మోటారు పెట్టుటయే. ఒకసారి పోవు రక్తము కొద్దియే. పలుమార్లు పలుచోట్ల తీసినచో ఇనుము లోపము ముదురును. గాటుకు ముందు హీమోగ్లోబిన్ పరీక్ష చేయని వైద్యుని వద్ద గాటు వలదని మా అభిప్రాయము. ఆ పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితముగా జరుగును. గర్భవతులు, రక్తము పలుచనగుటకు మందులు వాడువారు, రక్తము గడ్డకట్టని జబ్బు గలవారు, పుండ్లు మానని చక్కెర వ్యాధిగ్రస్తులు గాటు హిజామాకు దూరముగా ఉండవలెను. పుండు మీదను, ఉబ్బిన సిరల మీదను పొడి కప్పు కూడ వేయరాదు.

కొన్ని నొప్పులకు కప్పు అను ఆలోచనయే రారాదు. ఎడమ భుజమునకో, దవడకో ప్రాకుచు, చెమట, ఆయాసములతో వచ్చు నొప్పి కండరముది కాదు, గుండెది. అట్టివానిని కప్పులు వేయువాని వద్దకు గాక, 108 వాహనములో ఆసుపత్రికి చేర్చవలెను; అచట ప్రతి నిమిషము లెక్కలోనికి వచ్చును. నడుము నొప్పితో కాలు మొద్దుబారుట, మూత్రము ఆగకపోవుట లేక రాకపోవుట, జ్వరము, కారణములేక బరువు తగ్గుట, పడిన పిమ్మట వచ్చిన నొప్పి, ఇవియు ఎక్స్‌రేకును, వైద్యునికిని చూపవలసినవే. పట్టినదనుకొని పది దినములు కప్పులతో గడపిన పిమ్మట ఆసుపత్రికి చేరుట మన ప్రాంతములో అరుదు కాదు.

చేయించుకొనదలచినవారు ఎవరి వద్దకు పోవలెను? యునానీలో బి.యు.ఎం.ఎస్., ఆయుర్వేదములో బి.ఏ.ఎం.ఎస్. పట్టము పొంది, రాష్ట్ర రిజిస్టరులో పేరున్నవారి వద్దకు. 1970 నాటి భారతీయ వైద్య కేంద్ర మండలి చట్టమునకు బదులు వచ్చిన 2020 నాటి చట్టము క్రింద నేడు ఈ విద్యలు నియంత్రింపబడుచున్నవి. మూడు దినముల శిక్షణతో గోడకు తగిలించిన ధ్రువపత్రము పట్టము కాదు. రిజిస్టరు సంఖ్య అడిగినచో అసలు వైద్యుడు కోపగించుకొనడు. సిద్దిపేటనుండి హైదరాబాదు సుమారు వంద కిలోమీటర్లు. ఉదయపు బస్సులో చార్మినారు చేరి, నిజామియా ఆసుపత్రిలో చూపించుకొని సాయంత్రమునకు తిరిగి రావచ్చును. ఒకనాటి కూలి పోవునన్న మాట నిజమే.

పొడి కప్పు అయినను మొదటిసారి ఒకటి రెండింటితో, ఐదు నిమిషములకు మించక ప్రారంభించుట మేలు. కప్పు ఉన్నప్పుడు లాగినట్లుండుట సహజము. భగ్గున మండినను, సూదులతో గ్రుచ్చినట్లున్నను వెంటనే తీయించుకొనవలెను. ఖాళీ కడుపుతోను, ఉపవాసముతోను గాటుకు కూర్చొన్నవారికి కళ్ళు తిరుగుట కద్దు. లేచుటకు ముందు కొంతసేపు ప్రక్కకు తిరిగి పడుకొనవలెను. గాట్లపై శుభ్రమైన కట్టు కట్టించుకొని ఆ దినము నీరు తగులనీయరాదు. పసుపు, బూడిద, కాఫీపొడి చల్లరాదు. మచ్చ మీద మరల కప్పు వేయించుకొనుటకు అది పూర్తిగా మాయమగువరకు ఆగవలెను. రెండు మూడు దినములలో గాటు చుట్టు వాపు, వేడి, చీము, జ్వరము కనబడినచో కప్పు వేసినవాని వద్దకు గాక నేరుగా ఆసుపత్రికి పోయి, ఎక్కడ ఎప్పుడు చేయించుకొన్నారో దాచక చెప్పవలెను.